అకిన్‌ఫెన్వా: బలం సంగతి సరే, ఇరవై ఏళ్లు ఎలా నెట్టుకొచ్చాడు?

నువ్వు అడిగింది రెండు విషయాలు. ఫిఫా ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో బలం 97 అని చూపించిన ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ అడెబాయో అకిన్‌ఫెన్వా నిజంగా అంత మంచి ఆటగాడైతే పెద్ద క్లబ్‌లు ఎందుకు తీసుకోలేదు? రెండోది, నువ్వు కాస్త భారీ మనిషివి, స్ట్రైకర్‌గా, అంటే గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా ఆడతావు, కోచ్ బరువు తగ్గమంటున్నాడు, "అకిన్‌ఫెన్వా తగ్గాడా ఏంటి?" అన్నది నీ వాదన.

నేను ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లున్నాను. శనివారాలు కింది లీగుల మ్యాచ్‌లు చూడటం, పిల్లల టీమ్‌లకి కోచింగ్ ఇవ్వడం అక్కడే అలవాటైంది. అందుకని కొంచెం పొడుగ్గానే చెబుతాను తమ్ముడూ, ఓపిగ్గా చదువు.

ముందు అక్కడి లెక్క తెలియాలి. మనం టీవీలో చూసే ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్‌లు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24. మొత్తం 92. అకిన్‌ఫెన్వా కెరీర్ దాదాపు అంతా ఈ మెట్లలో అట్టడుగున ఉన్న రెండింటిలోనే గడిచింది. ప్రీమియర్ లీగ్‌లో ఒక్క నిమిషం కూడా ఆడలేదు. అయినా 40 ఏళ్లు వచ్చేదాకా జీతం తీసుకుంటూ ఆడాడు. 700కి పైగా మ్యాచ్‌లు, 200కి పైగా గోల్స్. నా దృష్టిలో అతని గొప్పతనం గేమ్‌లో చూపించే ఆ అంకెలో లేదు, ఈ లెక్కలో ఉంది. కింది లీగులో ఫార్వర్డ్‌గా ఇరవై ఏళ్లు నిలబడటం ఎంత కష్టమో తెలిస్తే నువ్వూ ఒప్పుకుంటావు.

ఎందుకు కష్టమంటే కాంట్రాక్టుల వల్ల. పెద్ద స్టార్లకి నాలుగైదేళ్ల ఒప్పందాలుంటాయి. లీగ్ టూలో ఎక్కువమందికి ఒక ఏడాది, మహా అయితే రెండేళ్లు. మే నెలలో సీజన్ అయిపోగానే క్లబ్ ఒక జాబితా పెడుతుంది: వీళ్లని ఉంచుకుంటున్నాం, వీళ్లని వదిలేస్తున్నాం అని. జూన్ 30తో జీతం ఆగిపోతుంది. జులైలో ఎవరైనా పిలిస్తే ట్రయల్ (ఆడించి చూసే పరీక్ష), పిలవకపోతే ఇంట్లో కూర్చోవడమే. ఏటేటా పొలం దక్కుతుందో లేదో తెలియని కౌలు రైతు పరిస్థితి ఇది. పైగా ఫార్వర్డ్‌కి ఇంకో తలనొప్పి, అతని పనికి కొలబద్ద బోర్డు మీదే కనిపిస్తుంది. డిఫెండర్ బాగా ఆడాడా లేదా అని వాదించుకోవచ్చు. ఫార్వర్డ్ విషయంలో "ఎన్ని గోల్స్ కొట్టాడు?" అని ఒక్క మాట అడిగి ఫైలు మూసేస్తారు.

ఇక మనిషి సంగతి. 1982 మే 10న లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో పుట్టాడు, తల్లిదండ్రులది నైజీరియా మూలం. వాట్‌ఫర్డ్ యూత్ టీమ్‌లో ఉండి, అక్కడ పైకి రాలేక, 2001లో లిథువేనియా వెళ్లాడు. క్లైపెడా అనే ఓడరేవు పట్టణంలో అట్లాంటాస్ అనే క్లబ్. లండన్ కుర్రాడికి, అందులోనూ నల్లజాతి కుర్రాడికి, ఆ రోజుల్లో అది చాలా కఠినమైన చోటు. సొంత క్లబ్ అభిమానులే స్టేడియంలో జాతి పేరుతో తిట్టేవాళ్లని తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తిరిగి వచ్చేస్తానంటే అన్న ఆపాడట, ఇప్పుడు వచ్చేస్తే గెలిచేది వాళ్లేనని. ఉండిపోయాడు. ఆ ఏడాది లిథువేనియా కప్ గెలిచిన టీమ్‌లో ఉన్నాడు. పంతొమ్మిదేళ్ల వయసులో ఇది చిన్న విషయం కాదు. అతని గురించి మాట్లాడేవాళ్లు జిమ్ ఫొటోలతో మొదలుపెడతారు గానీ నేనైతే ఇక్కడినుంచి మొదలుపెడతాను.

అక్కడినుంచి వేల్స్‌లోని బారీ టౌన్‌కి వచ్చాడు. 2002-03లో ఆ క్లబ్ వేల్స్ లీగూ కప్పూ రెండూ గెలిచింది, గెలిచిన కొన్నాళ్లకే డబ్బుల్లేక కుప్పకూలింది. ఆటగాళ్లంతా రోడ్డున పడ్డారు. తర్వాతి సీజన్, అంటే 2003-04 చూడు: బోస్టన్ యునైటెడ్, లేటన్ ఓరియంట్, రష్డెన్ అండ్ డైమండ్స్, డాన్‌కాస్టర్ రోవర్స్. ఒక్క సీజన్‌లో నాలుగు క్లబ్‌లు! గేమ్‌లో కెరీర్ మోడ్ ఆడేవాళ్లకి ఇది బటన్ నొక్కడమే. నిజ జీవితంలో నాలుగు డ్రెస్సింగ్ రూములు, నలుగురు మేనేజర్లు (అక్కడ హెడ్ కోచ్‌ని అలాగే అంటారు), నాలుగు ఊళ్లలో అద్దె గదులు. ప్రతి చోటా "లావుగా ఉన్నాడే, పరిగెత్తగలడా?" అనే అదే చూపు. చాలామంది కుర్రాళ్లు ఇలాంటి ఏడాదే బూట్లు పక్కన పడేసి వేరే ఉద్యోగం చూసుకుంటారు.

2004లో టార్కీ అనే ఇంగ్లండ్ క్లబ్ అతన్ని తీసుకుంది. ఆ సీజన్‌లో టీమ్ ఆఖరి స్థానాల్లో నిలిచి లీగ్ వన్ నుంచి కింది లీగుకి పడిపోయింది గానీ అతను లీగ్‌లో 14 గోల్స్ కొట్టాడు. పడిపోయే టీమ్‌లో 14 గోల్స్ అంటే మేనేజర్లు తప్పకుండా గమనిస్తారు. స్వాన్సీ గమనించింది.

స్వాన్సీలో గడిపిన రెండేళ్లలో ఒక ఫార్వర్డ్‌కి జరగగలిగే మంచీ చెడూ అన్నీ జరిగాయి. 2005 ఆగస్టులో కొత్త స్టేడియంలో మొట్టమొదటి లీగ్ మ్యాచ్, ట్రాన్‌మియర్ మీద. 1-0తో గెలిచారు, ఆ ఒక్క గోల్ ఇతనిదే. 2006 ఏప్రిల్‌లో ఫుట్‌బాల్ లీగ్ ట్రోఫీ ఫైనల్, కార్డిఫ్‌లో, కార్లైల్ మీద 2-1. గెలిపించిన గోల్ మళ్లీ ఇతనిదే. మరుసటి నెల, అదే స్టేడియంలో, లీగ్ వన్ ప్లే ఆఫ్ (పై మెట్టుకి వెళ్లే ఆఖరి చోటు కోసం ఆడే పోటీ) ఫైనల్. గెలిస్తే ఛాంపియన్‌షిప్. బార్న్స్‌లీతో 2-2, పెనాల్టీల దాకా వెళ్లింది. అకిన్‌ఫెన్వా కొట్టిన పెనాల్టీ బార్ పైనుంచి వెళ్లిపోయింది. అలన్ టేట్‌ది కూడా పోయింది. స్వాన్సీ ఓడింది.

ఏప్రిల్‌లో హీరో, మేలో పెనాల్టీ తప్పినవాడు. తర్వాతి సీజన్‌లో కాలు విరిగింది. 2007లో ఒప్పందం అయిపోయాక స్వాన్సీ వదిలాడు. వాళ్లేమో నాలుగేళ్లకి, 2011లో, ప్రీమియర్ లీగ్‌కి ఎక్కేశారు. ఆ పెనాల్టీ లోపలికి వెళ్లి ఉంటే, ఆ కాలు విరక్కపోయి ఉంటే... అని నేనూ చాలాసార్లు అనుకున్నాను. కానీ నా అంచనా, స్వాన్సీ తర్వాత ఆడిన పాసింగ్ ఆటలో అతనికి చోటు దొరికేది కాదు. అది వేరే రకం ఫుట్‌బాల్.

ఆ తర్వాత కొన్ని నెలలు ఖాళీ. మిల్‌వాల్‌లో కొన్ని మ్యాచ్‌లు ఆడాడు, గోల్ లేదు. విరిగిన కాలు, 16 స్టోన్లు, అంటే దాదాపు 100 కిలోల ఒళ్లు, వయసు 25. మామూలుగా అయితే కథ ఇక్కడ అయిపోవాలి. 2008 జనవరిలో నార్తాంప్టన్ అతన్ని తీసుకుంది. అక్కడినుంచే అతని అసలు కెరీర్ మొదలైందంటాను. 2008 నుంచి 2014 దాకా నార్తాంప్టన్, గిలింగమ్, మళ్లీ నార్తాంప్టన్, మళ్లీ గిలింగమ్. ఇది చూడటానికి విసుగ్గా ఉంటుంది, గోల్స్ మాత్రం ఏటా వస్తూనే ఉంటాయి. మ్యాపు తీసి చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. ఈ క్లబ్‌లన్నీ, ఆ తర్వాత వచ్చిన వింబుల్డన్, వికమ్ కూడా, లండన్‌లోనో, అక్కడికి గంటా గంటన్నర దూరంలోనో ఉంటాయి. కావాలని చేశాడో లేదో గానీ, ఒకే ఇంటినుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లగలిగే చోట ఉద్యోగం వెతుక్కోవడం కింది లీగుల్లో పెళ్లాం పిల్లలున్న ప్రతి ఆటగాడూ వేసుకునే లెక్కే.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న: మంచి ఆటగాడేనా? అతను చేసే పనిలో చాలా మంచివాడు. ఆ పని ఏంటో చెబుతాను, ఎందుకంటే గేమ్ దాన్ని తప్పుగా చూపిస్తుంది. గేమ్‌లో బలం అంటే డిఫెండర్‌ని తోసుకుంటూ పరిగెత్తడం. గ్రౌండ్‌లో అకిన్‌ఫెన్వా పరిగెత్తేది తక్కువ. గోల్‌కీపరో డిఫెండరో పొడుగ్గా బాల్ కొడతాడు. అది గాల్లో ఉండగానే అతను తన వీపుని సెంటర్ బ్యాక్‌కి (మధ్యలో నిలబడే డిఫెండర్‌కి) ఆనించి, బాల్‌కీ వాడికీ మధ్య తన ఒళ్లు పెట్టేస్తాడు. డిఫెండర్ వెనకనుంచి చుట్టూ తిరిగి రావాలంటే అంత దారి లేదు. బాల్ ఛాతీ మీదికి తీసుకుంటాడు, లేదా తలతో పక్కకి తాకిస్తాడు, లేదా కాలితో ఆపి మిడ్‌ఫీల్డర్‌కి ఇస్తాడు. ఇందులో బలం సగమే. మిగతా సగం ఎక్కడ నిలబడాలో ముందే తెలియడం, ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బాల్‌ని మొదట తాకే తీరు, మెత్తగా ఉండటం. బలం ఉండి టచ్ లేనివాళ్లని నేను కింది లీగుల్లో బోలెడంతమందిని చూశాను. వాళ్ల ఛాతీకి తగిలిన బాల్ అయిదు గజాలు ఎగిరి అవతలి టీమ్‌కి పోతుంది.

ఇంకో చిన్న సంగతి. ఇంత పెద్ద మనిషికి రిఫరీ దగ్గర న్యాయం తక్కువ. సన్నటి ఆటగాడి చొక్కా లాగితే పడిపోతాడు, ఫౌల్ ఇస్తారు. ఇతని మీద ఇద్దరు వేలాడినా పడడు, విజిల్ మోగదు. అదే ఇతను భుజం కాస్త కదిపితే అవతలివాడు ఎగిరి పడతాడు, ఫౌల్ ఇతని మీద. నువ్వు కూడా భారీ మనిషివి కాబట్టి ఇది నీకు ఎప్పుడో అనుభవమయ్యే ఉంటుంది.

మరి పైకి ఎందుకు వెళ్లలేదు? వేగం లేదు. పై లీగుల్లో డిఫెండర్లు వేగంగా వెనక్కి తిరిగి పరిగెత్తగలరు, టీమ్‌లు గ్రౌండ్ పై భాగంలోనే మూకుమ్మడిగా ప్రెస్ చేస్తాయి, అంటే బాల్ లాక్కోవడానికి మీద పడతాయి, ఆ పని మొదలుపెట్టాల్సింది స్ట్రైకరే. 90 నిమిషాలు అలా పరిగెత్తడం ఆ ఒంటితో కుదరదు. ఇది అవమానం కాదు, లెక్క. అతనికీ ఈ లెక్క తెలుసు. "నువ్వు ఫుట్‌బాల్‌కి పనికిరావు, మరీ పెద్దగా ఉన్నావు" అని చిన్నప్పటినుంచీ విన్నవాడు. స్టేడియాల్లో లావు మీద పాటలు పాడేవాళ్లు. ఆ ఎగతాళినే తీసుకుని బీస్ట్ మోడ్ అనే పేరుతో బట్టల బ్రాండ్ పెట్టుకున్నాడు. ఏటా జూన్‌లో జీతం ఆగిపోయే ఉద్యోగంలో ఉన్నవాడికి పక్క సంపాదన ఉండటం మంచి తెలివి. ఫిఫా గేమ్ తెచ్చిన పేరు దానికి బాగా కలిసొచ్చింది. మన దగ్గర లీగ్ టూ అంటే ఏంటో తెలియని కుర్రాళ్లకి కూడా ఇతను తెలిసింది ఆ గేమ్ వల్లే కదా.

2014లో ఏఎఫ్‌సీ వింబుల్డన్‌కి వెళ్లాడు. ఈ క్లబ్ కథ వేరే రాయాలి, క్లుప్తంగా చెబుతా. పాత వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి అనుమతి ఇచ్చినప్పుడు, ఒప్పుకోని అభిమానులు 2002లో సొంతంగా కొత్త క్లబ్ పెట్టుకుని, తొమ్మిదో మెట్టునుంచి పైకి ఎక్కుతూ వచ్చారు. 2015 జనవరి 5, సోమవారం రాత్రి, వాళ్ల చిన్న గ్రౌండ్‌కి ఎఫ్‌ఏ కప్‌లో (చిన్నా పెద్దా క్లబ్‌లు కలిసి ఆడే పోటీలో) లివర్‌పూల్ వచ్చింది. అకిన్‌ఫెన్వా చిన్నప్పటినుంచీ లివర్‌పూల్ అభిమాని. లివర్‌పూల్ కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్ ఆ సీజన్ తర్వాత క్లబ్ వదిలేస్తానని ప్రకటించి కొన్ని రోజులే అయింది. జెరార్డ్ తలతో ఒకటి కొట్టాడు. అరగంట దాటాక కార్నర్ నుంచి గోల్ ముందు గందరగోళం, అందులో బాల్‌ని లోపలికి తోసింది మన పెద్దాయనే. 1-1. రెండో సగంలో జెరార్డ్ ఫ్రీకిక్‌తో లివర్‌పూల్ 2-1తో బయటపడింది. మ్యాచ్ అయ్యాక జెరార్డ్ చొక్కా ఇతనికి దక్కింది. కింది లీగు ఆటగాడికి ఎఫ్‌ఏ కప్ అంటే ఇదే. ఏడాదంతా మూడు నాలుగు వేలమంది ముందు ఆడి, ఒక్క రాత్రి దేశమంతా చూస్తుండగా ఆడటం.

2016 మే 30న వెంబ్లీలో లీగ్ టూ ప్లే ఆఫ్ ఫైనల్, ప్లిమత్ మీద. 1-0 ఆధిక్యం ఉండగా చివరి క్షణాల్లో వింబుల్డన్‌కి పెనాల్టీ వచ్చింది. అప్పటికే అతని ఒప్పందం అయిపోతోంది, ఆ క్లబ్‌కి ఇదే చివరి మ్యాచ్ అని తెలుసు. ఎవరు కొట్టాలనే దాని మీద సొంత టీమ్‌వాళ్లతో కాస్త వాదన కూడా జరిగింది. బాల్ ఇతనే పట్టుకున్నాడు, కొట్టాడు, 2-0. పదేళ్ల కిందట కార్డిఫ్‌లో ఏం జరిగిందో తెలిసినవాళ్లకి ఆ పెనాల్టీ ఇంకోలా కనిపిస్తుంది. తర్వాత టీవీ మైకు ముందు నవ్వుతూ అన్నాడు, సాంకేతికంగా చూస్తే నేనిప్పుడు నిరుద్యోగిని, మేనేజర్లెవరైనా ఉంటే వాట్సాప్‌లో పలకరించండి అని. అందరూ జోక్ అనుకుని నవ్వారు. జోకేమీ కాదు, నిజమే. 34 ఏళ్లు, క్లబ్‌ని పై లీగుకి తీసుకెళ్లాడు, ఆ సాయంత్రమే ఉద్యోగం లేదు.

పిలిచింది వికమ్ మేనేజర్ గారెత్ ఐన్స్‌వర్త్. వికమ్ అంటే ఒకప్పుడు కుర్చీల తయారీకి పేరున్న ఊరు, టీమ్‌ని ఇప్పటికీ చెయిర్‌బాయ్స్ అంటారు. 2014లో ఆ 92 క్లబ్‌లలోంచే జారిపోబోయి ఆఖరి రోజు గోల్ తేడాతో బతికిన క్లబ్, డబ్బుల్లేవు. ఐన్స్‌వర్త్ చేసిన మంచి పని, అకిన్‌ఫెన్వాని మార్చాలని చూడకపోవడం. టీమ్‌నే అతని చుట్టూ అమర్చాడు. బాల్ పొడుగ్గా కొట్టండి, అతను ఆపుతాడు, మీరు చుట్టూ పరిగెత్తండి. 2017-18లో 35 ఏళ్ల వయసులో లీగ్‌లో 17 గోల్స్ కొట్టాడు, క్లబ్ లీగ్ వన్‌కి వెళ్లింది.

2019-20 సీజన్ కోవిడ్ వల్ల మధ్యలో ఆగింది. ఎనిమిదో స్థానంలో ఉన్న వికమ్, ఆడిన మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్లని లెక్కగడితే మూడో స్థానానికి వచ్చింది. అదృష్టం అంటావా? అవును, అదృష్టమే. కానీ ప్లే ఆఫ్‌లు గెలవాల్సింది ఆడే కదా. 2020 జులై 13న, ఖాళీ వెంబ్లీలో, ఆక్స్‌ఫర్డ్ మీద 2-1. 1887లో పుట్టిన క్లబ్ మొదటిసారి ఛాంపియన్‌షిప్‌కి. అకిన్‌ఫెన్వా సబ్‌గా, అంటే మ్యాచ్ మధ్యలో ఇంకొకరి బదులు, దిగాడు. ఈసారి మైకు ముందు, ఇప్పుడు నన్ను వాట్సాప్‌లో పలకరించగలిగేది క్లాప్ ఒక్కడే అన్నాడు. అప్పుడే ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ గెలిచిన లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లాప్ నిజంగానే వీడియో మెసేజ్ పంపాడు. అది చూస్తూ మనిషి చిన్నపిల్లాడిలా కేకలు పెట్టిన వీడియో నువ్వూ చూసే ఉంటావు.

38 ఏళ్లకి ఛాంపియన్‌షిప్ చేరాడు. ఎక్కువగా సబ్‌గానే ఆడాడు, వికమ్ ఒక్క పాయింట్ తేడాతో మళ్లీ కిందికి వచ్చింది. 2022 మే 21న మరో ప్లే ఆఫ్ ఫైనల్, సండర్‌లాండ్ చేతిలో 2-0 ఓటమి. 40 నిండి పదకొండు రోజులు. అదే ఆఖరి మ్యాచ్.

ఇక నీ బరువు సంగతి. "అకిన్‌ఫెన్వా తగ్గాడా?" అనే వాదనకి నేను ఇంకో పేరు ఎదురు పెడతాను, రికీ లాంబర్ట్. అతనూ 1982లోనే పుట్టాడు, అతనూ స్ట్రైకరే. లివర్‌పూల్ కుర్రతనంలోనే వదిలేసింది, కొన్నాళ్లు బీట్‌రూట్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. మాకిల్స్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రోచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్, ఇవన్నీ అకిన్‌ఫెన్వా తిరిగినలాంటి క్లబ్‌లే. 2009లో లీగ్ వన్‌లో ఉన్న సౌతాంప్టన్‌కి వెళ్తే మేనేజర్ అలన్ పార్డ్యూ కూర్చోబెట్టి, నీ ఫిట్‌నెస్ ఇలా ఉంటే కుదరదని మొహం మీదే చెప్పాడట. లాంబర్ట్ విన్నాడు. ఆ సీజన్‌లోనే లీగ్ వన్ టాప్ స్కోరర్. సౌతాంప్టన్‌తో పాటు మెట్లు ఎక్కుతూ ప్రీమియర్ లీగ్, 2013 ఆగస్టులో 31 ఏళ్లకి ఇంగ్లండ్ చొక్కా. స్కాట్లాండ్ మీద సబ్‌గా దిగి మొదటి టచ్‌తోనే గోల్, అదే గెలిపించిన గోల్.

ఇద్దరిలో ఎవరు రైట్ అంటే చెప్పలేను, ఇద్దరి ఒళ్లూ ఒకటి కాదు. అకిన్‌ఫెన్వాది పుట్టుకతో వచ్చిన వెడల్పు మీద జిమ్‌లో పెంచిన కండ. లాంబర్ట్‌ది శ్రద్ధ పెట్టక పేరుకున్న బరువు. నీది ఏ రకమో నాకు కనిపించదు, మీ కోచ్‌కి కనిపిస్తుంది. అందుకే ఆయనతో గేమ్ రేటింగుల గురించి వాదించకు. ఒక పని చెయ్యి. ప్రాక్టీస్ అయ్యాక ఒక డిఫెండర్‌ని నీ వెనక నిలబెట్టి, నలభై గజాలనుంచి గాల్లో బాల్స్ కొట్టమను. పదింటిలో ఎన్ని నీ దగ్గర ఆగి, నీ టీమ్‌వాడి కాళ్లకి చేరుతున్నాయో కోచ్‌నే లెక్కపెట్టమను. మ్యాచ్‌లో డెబ్బయ్యో నిమిషం తర్వాత కూడా అదే లెక్క చూడమను. మొదట్లో ఏడు వచ్చి ఆఖర్లో రెండు వస్తే ఆయన చెప్పింది నిజం, తగ్గాలి. రెండుసార్లూ రెండే వస్తే సమస్య బరువు కాదు, టచ్. ఖాళీ దొరికినప్పుడల్లా గోడకి బాల్ కొట్టి ఛాతీతో, తొడతో ఆపడం మొదలుపెట్టు.